పాడి రైతుకు ఆవరణ పాఠం: కొలువు ఖాళీ అయితే ఆ పని ఎవరు చేస్తారు?



ఈ పేజీలో మనం మామూలుగా మేత గురించి, దాణా గురించి, చూలు, ఈత, పొదుగువాపుల గురించి చెప్పుకుంటూ ఉంటాం. ఈసారి కొట్టం గడప దాటి చెరువుగట్టు వరకు, పచ్చిక బయలు వరకు, ఊరి బయట గొడ్డు కళేబరాలు పారవేసే చోటు వరకు వెళ్ళి వద్దాం. అక్కడ జరిగే పనులకూ, మన క్యానులో పడే పాలకూ సంబంధం ఉంది.

సంఘాల సమావేశాల్లో పెద్ద వయసు సభ్యులు ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. "మా చిన్నతనంలో గొడ్డు చచ్చి ఊరి బయట వేస్తే, మేం ఇంటికి తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కునే లోపల ఆకాశం నిండా రాబందులు తిరిగేవి. పొద్దు గూకేసరికి ఎముకలు మిగిలేవి. ఇప్పుడు మూడు రోజులైనా కుక్కలే పీక్కుంటున్నాయి. వాసన ఊళ్ళోకి కొడుతోంది. ఆ పక్షులు ఏమయ్యాయి బాబూ?" అని.

ఈ ప్రశ్నకు జవాబు ఉంది. ఆ జవాబు మన కొట్టంలోనే, మనం గొడ్డుకు వేయించే సూదిమందులోనే ఉంది. అయితే దానిని సరిగా తెలుసుకోవాలంటే ముందు నాలుగు మాటలకు అర్థం తెలియాలి. మాటలు ముందు నేర్చుకుని, తరువాత రాబందు దగ్గరకు వద్దాం.

1. ఆవాసం

ఒక ప్రాణి సహజంగా బతికే చోటును ఆవాసం అంటారు. ఆ చోటులో దానికి కావలసిన తిండి, నీరు, తలదాచుకునే నీడ, పిల్లలను పెంచుకునే వసతి ఉండాలి. ఇవన్నీ ఉన్నచోటే ఆ ప్రాణి నిలుస్తుంది. ఒకటి లేకపోయినా వెళ్ళిపోతుంది, లేదా నశిస్తుంది.

మన ఊరి చెరువునే తీసుకోండి. బయటి నుంచి చూస్తే అది ఒకే చెరువు. లోపల చూస్తే అనేక ఆవాసాలు. నడిమి లోతు నీటిలో పెద్ద చేపలు. అంచున మోకాలి లోతు నీటిలో, తుంగలో, నాచులో నత్తలు, కప్ప పిల్లలు. అడుగు బురదలో ఎర్రలు, పురుగులు. గట్టుమీద తుమ్మచెట్టుపై కొంగలు. నత్తను తీసుకువెళ్ళి గట్టుమీద ఎండలో వేస్తే బతకదు. కొంగను నడిమి లోతులో దింపితే దానికి కాలు ఆనదు. చెరువు ఒకటే అయినా ఎవరి ఇల్లు వారిదే.

2. కొలువు

సంఘం రిజిస్టరులో ప్రతి సభ్యునికీ ఇంటి నంబరు ఉంటుంది. కాని ఇంటి నంబరు చూస్తే ఆ మనిషి ఏ పని చేస్తాడో తెలియదు. ఒకరు పాలు కొలుస్తారు, ఒకరు వెన్న శాతం పరీక్ష చేస్తారు, ఒకరు లెక్కలు రాస్తారు. ప్రకృతిలోనూ అంతే. ఆవాసం అనేది ఇంటి నంబరు. ఆ ప్రాణి అక్కడ ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది, ఎవరికి ఆహారమవుతుంది, దానివల్ల ఏ పని జరుగుతుంది అన్నది దాని ఉద్యోగం. శాస్త్రజ్ఞులు దీనిని 'నిష్' అంటారు. మనం ఈ పాఠంలో కొలువు అని చెప్పుకుందాం.

కాకీ, రాబందూ రెండూ చచ్చిన గొడ్డుపై వాలుతాయి. చోటు ఒకటే అయినా కొలువు వేరు. కాకి మెతుకులు, పురుగులు, గుడ్లు, పండ్లు ఏది దొరికితే అది తింటుంది. రాబందు పని ఒక్కటే, చచ్చినదానిని ఎముక వరకు శుభ్రం చేయడం. ఈ తేడాను గుర్తుంచుకోండి. దీనితో తరువాత పని పడుతుంది.

3. జనాభా, సముదాయం, ఆవరణ వ్యవస్థ

ఒక చోట ఉన్న ఒకే జాతి ప్రాణులన్నిటినీ కలిపి జనాభా అంటారు. మన చెరువులోని నత్తలన్నీ ఒక జనాభా. కప్పలన్నీ మరొక జనాభా. ఈ జనాభాలన్నీ, చెట్టుచేమలతో సహా, కలిస్తే సముదాయం. ఆ సముదాయానికి ఎండ, నీరు, గాలి, మట్టి, అందులోని లవణాలు కూడా కలిపి చూస్తే అదే ఆవరణ వ్యవస్థ.

'ఆవరణ వ్యవస్థ' అన్న భావానికి ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్‌స్లీ 1935లో పేరు పెట్టాడు. ఆయన చెప్పినదాని సారం ఇది: ప్రాణులను మట్టినుంచి, నీటినుంచి విడదీసి చూస్తే సగమే తెలుస్తుంది. రెంటినీ ఒకే యంత్రంలోని భాగాలుగా చూడాలి.

ఆవరణ వ్యవస్థకు ఇంత పరిమాణం ఉండాలని నియమం లేదు. చెరువు ఒక వ్యవస్థ. నల్లమల అడవి ఒక వ్యవస్థ. వానకు నిండిన గేదె గిట్ట గుంట కూడా కొన్నాళ్ళపాటు ఒక చిన్న వ్యవస్థే. మీ గేదె కడుపులో మరొకటి ఉంది. దాని సంగతి కాస్త తరువాత చెప్పుకుందాం.

4. శక్తి పోయేది, పదార్థం తిరిగేది

ఆవరణ వ్యవస్థలో మూడు వర్గాల వారు ఉంటారు.

మొదటి వర్గం ఉత్పత్తిదారులు. ఎండను, నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని ఆహారం తయారుచేసే పచ్చని మొక్కలు ఇవి. గడ్డి, జొన్నచొప్ప, చెరువులోని నాచు అన్నీ ఈ వర్గమే.

రెండవ వర్గం వినియోగదారులు. గడ్డి తినే గేదె, మిడత ప్రథమ వినియోగదారులు. మిడతను తినే కప్ప ద్వితీయ వినియోగదారు. కప్పను మింగే పాము ఆ పై మెట్టు.

మూడవ వర్గం విచ్ఛిన్నకారులు. చచ్చినదానిని, రాలినదానిని, పేడను కుళ్ళబెట్టి తిరిగి మట్టిలో కలిపే సూక్ష్మజీవులు, బూజులు ఇవి. పేడపురుగులు, వానపాములు, రాబందులు చచ్చినదానిని, పేడను తిని, ముక్కలు చేసి ఈ పనికి సాయపడతాయి. ఈ వర్గాన్ని మనం చీదరించుకుంటాం. కాని వీరు నాలుగు రోజులు సమ్మె చేస్తే మనం ఊళ్ళో ఉండలేం.

గడ్డి నుంచి మిడతకు, మిడత నుంచి కప్పకు, కప్ప నుంచి పాముకు పోయే ఈ వరుసను ఆహార గొలుసు అంటారు. నిజానికి ఏ ఊళ్ళోనూ ఒక్క గొలుసే ఉండదు. మిడతను కొంగ కూడా తింటుంది, కప్పనూ కొంగ తింటుంది. ఇలా గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి ఆహారజాలం, అనగా వల, అవుతుంది. వలలో ఒక కన్ను తెగితే పక్క కళ్ళపై బరువు పడుతుంది.

ఇక్కడ ఒక ముఖ్య సూత్రం ఉంది. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు శక్తిలో సుమారు పదో వంతు మాత్రమే చేరుతుంది. మిగిలినది ఆ ప్రాణి నడకకు, ఊపిరికి, ఒంటి వేడికి ఖర్చవుతుంది, లేదా జీర్ణం కాక బయటికి పోతుంది. ఇలా ఖర్చయిన శక్తి తిరిగి రాదు. అందుకే ప్రతిరోజూ కొత్త ఎండ కావాలి. పచ్చిమేత కోసం గేదెను దినమంతా మైళ్ళకొద్దీ తిప్పితే, మేతలో వచ్చిన శక్తిలో పెద్ద భాగం కాళ్ళకే ఖర్చయి క్యానులో పాలు తగ్గడానికి కారణం ఇదే.

పదార్థం సంగతి వేరు. నత్రజని, భాస్వరం, సున్నం వంటివి చుట్టూ తిరుగుతూ ఉంటాయి. మట్టి నుంచి గడ్డికి, గడ్డి నుంచి గేదెకు, గేదె నుంచి పేడ ద్వారా మళ్ళీ మట్టికి. పేడనంతా పిడకలు చేసి పొయ్యిలో కాల్చితే, అందులోని నత్రజని పొగలో పోతుంది, చక్రం అక్కడ తెగుతుంది. గోబర్ గ్యాసు తొట్టిలో వేస్తే వంటకు మంటా దక్కుతుంది, పొలానికి ఎరువూ దక్కుతుంది.

5. ప్రాణుల మధ్య మూడు చుట్టరికాలు

ఒక వ్యవస్థలో ఉన్న ప్రాణులు ఒకదానితో ఒకటి ఏదో ఒక సంబంధం పెట్టుకుంటాయి. అందులో మూడింటిని పాడి రైతు రోజూ చూస్తూనే ఉంటాడు.

మొదటిది సహభోజకత్వం. గేదె మేస్తూ నడుస్తుంటే గడ్డిలోని మిడతలు, పురుగులు లేస్తాయి. వెంట నడిచే తెల్లకొంగ వాటిని పట్టుకుంటుంది. కొంగకు లాభం. గేదెకు పెద్దగా లాభమూ లేదు, నష్టమూ లేదు.

రెండవది పరాన్నజీవనం. ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం. పిడుదులు గొడ్డు నెత్తురు తాగుతాయి. అంతకంటే దొంగచాటుగా పని చేసేది కార్జపు జలగ. దాని బతుకును చూస్తే ఆవాసం అన్న మాటకు విలువ తెలుస్తుంది. జబ్బు గేదె పేడలో జలగ గుడ్లు బయటికి వస్తాయి. ఆ పేడ నీటిలో పడితే గుడ్లు పగిలి పిల్లలు ఈదుకుంటూ పోయి నత్తలో దూరుతాయి. నత్తలో ఒకటి అనేకమవుతుంది. తరువాత బయటికి వచ్చి నీటి అంచు గడ్డికి అంటుకుని గట్టి పొరలో ముడుచుకుంటాయి. ఆ గడ్డిని గేదె మేస్తుంది. పొర కరిగి జలగ పిల్ల కాలేయానికి చేరుతుంది. గొడ్డు చిక్కిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది, పాలు తగ్గుతాయి.

ఇప్పుడు గమనించండి. ఈ జలగ బతకాలంటే గేదె, నీరు, నత్త, అంచు గడ్డి నాలుగూ ఒక్కచోట కలవాలి. ఏ ఒక్కటి తప్పించినా గొలుసు తెగుతుంది. పేడ నీటిలో పడకుండా చూడడం, చెరువు అంచు గడ్డిలో గొడ్లను వదలకపోవడం, అక్కడ కోసిన గడ్డిని పూర్తిగా ఎండిన తరువాతే వేయడం, నత్తలను తినే బాతులను చెరువులో వదలడం, ఇవన్నీ ఆవరణ జ్ఞానంతో చేసే వైద్యాలు. డాక్టరు సలహాతో తాగించే మందు వీటికి తోడు. మందు ఒక్కటే తాగించి గేదెను మళ్ళీ అదే అంచుకు తోలితే, చిల్లికుండలో నీళ్ళు పోసినట్లే.

మూడవది పరస్పర సహకారం. ఇద్దరికీ లాభం. దీనికి మన గేదె కడుపుకంటే మంచి ఉదాహరణ లేదు.

6. గేదె కడుపులోని ఊరు

గేదెకు గడ్డిలోని పీచును సొంతంగా అరిగించుకునే శక్తి లేదు. ఆ పని దాని పెద్దపొట్టలో ఉన్న సూక్ష్మజీవులు చేస్తాయి. అక్కడ ప్రాణవాయువు దాదాపు ఉండదు. వేడి ఎల్లప్పుడూ 39 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర నిలిచి ఉంటుంది. తడి, తిండి లోటు లేదు. అటువంటి ఆవాసంలో ఒక్కొక్క మిల్లీలీటరు రసంలో వందల కోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. కొన్నింటి కొలువు పీచును విరగ్గొట్టడం, కొన్నింటిది పిండిపదార్థాన్ని తినడం. గేదె వాటికి ఇల్లు, తిండి ఇస్తుంది. అవి గేదెకు ఆమ్లాల రూపంలో శక్తిని ఇస్తాయి. పీచును తినే జీవుల నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం పాలలోని వెన్నకు ముడిసరుకు. కనుక సంఘంలో మీకు పడే వెన్న శాతం కొంతవరకు ఈ కంటికి కనపడని జనాభా చేతిలో ఉంది. ఎండుగడ్డి, చొప్ప బాగా తగ్గించి దాణా మాత్రమే గుప్పిస్తే వెన్న తగ్గడం అందుకే.

ఈ ఊళ్ళో సమతుల్యం తప్పితే ఏమవుతుందో మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంట్లో పెళ్ళి జరుగుతుంది. గుండిగలో అన్నం మిగులుతుంది. పారబోయడం ఎందుకని గేదెకు పెడతారు. గేదె ఇష్టంగా తింటుంది. మరునాటికి కడుపు బిగిసి, నెమరు మాని, నిలబడలేక కూలిపోతుంది. లోపల జరిగినది ఇది: ఒక్కసారిగా వచ్చిపడిన పిండిపదార్థంతో దానిని తినే సూక్ష్మజీవుల జనాభా అదుపు లేకుండా పెరిగింది. అవి వదిలిన లాక్టిక్ ఆమ్లంతో పొట్ట పులిసిపోయింది. ఆ పులుపుకు పీచు తినే జీవులు చచ్చాయి. ఆవాసం మారింది, ఒక జనాభా విర్రవీగింది, ఒక కొలువు ఖాళీ అయింది, ఊరు కూలింది.

కనుక మేత మార్చదలచినప్పుడు పాత మేతలో కొత్తదానిని కొద్దికొద్దిగా కలుపుతూ పది, పదిహేను రోజులలో మార్చండి. లోపలి జనాభాకు సర్దుకునే వ్యవధి ఇవ్వండి.

7. ధారణ శక్తి

ఒక చోటు చెడిపోకుండా ఎన్ని ప్రాణులను పోషించగలదో ఆ లెక్కను ధారణ శక్తి అంటారు. పచ్చిక బయలులో గడ్డి పెరిగే వేగం కన్నా మేసే నోళ్ళు ఎక్కువైతే, మంచి గడ్డి వేళ్ళతో సహా పోతుంది. గొడ్డు ముట్టని వయ్యారిభామ, తంగేడు మిగులుతాయి. బయలు ఆకుపచ్చగానే కనిపిస్తుంది, కాని మేత ఉండదు. బయలును రెండు, మూడు భాగాలుగా చేసి వంతులవారీగా విడిచిపెడితే గడ్డి కోలుకుంటుంది. పచ్చిక బయలు అందరిదీ కనుక ఈ కట్టడి ఒక్కడి వల్ల అయ్యేది కాదు. సంఘం తీర్మానం చేయవలసిన పని.

8. కొలువు ఖాళీ అయితే: పేడపురుగు సాక్ష్యం

ఇక పాఠంలోని అసలు విషయానికి వస్తున్నాం. ఒక ప్రాణి తొలగిపోతే దాని పని ఏమవుతుంది?

ఆస్ట్రేలియా దేశంలో తెల్లవారు 1788లో మొదటిసారి పశువులను దింపారు. అక్కడి పేడపురుగులు కంగారూ వంటి జంతువుల చిన్న, పొడి పెంటికలకు అలవాటుపడినవి. ఆవు వేసే పెద్ద, తడి పేడను వాటిలో చాలామట్టుకు ముట్టలేదు. పేడ నెలల తరబడి బయళ్ళలో ఎండి పడి ఉండేది. దాని కింద గడ్డి చచ్చేది. దానిలో ఈగలు పుట్టలుగా పెరిగాయి. చివరికి ఆ దేశపు శాస్త్ర పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. 1960ల నుంచి ఆఫ్రికా మొదలైన చోట్ల నుంచి పేడపురుగులను తెప్పించి వదలవలసి వచ్చింది.

మన పొలాల్లో ఆ పురుగు ఉచితంగా పనిచేస్తోంది. పేడను ఉండలు చేసి దొర్లించుకుపోయి మట్టిలో పాతిపెడుతుంది. నేల గుల్లబారుతుంది, ఎరువు వేళ్ళకు అందుతుంది, ఈగలకు చోటు తగ్గుతుంది. అయితే ఐవర్‌మెక్టిన్ వంటి కొన్ని పురుగుమందుల అంశ పేడలో బయటికి వచ్చి ఈ పురుగు పిల్లలను చంపుతుంది. అందువల్ల అటువంటి మందును డాక్టరు అవసరమన్నప్పుడే వాడండి. అలవాటుగా అన్ని గొడ్లకూ వేయించకండి.

9. రాబందు ఏమయింది?

మన దేశంలో 1980ల వరకు రాబందులు లెక్కలేనన్ని ఉండేవి. వాటిలో మనకు ముఖ్యమైనవి రెండు. తెల్లనడుము రాబందు ఎత్తయిన చెట్లపై గూడు కడుతుంది. పొడవుముక్కు రాబందు కొండచరియల్లో కడుతుంది. రెండింటి ఆవాసాలు వేరు, కొలువు ఒకటే. వాటి పొట్టలోని ఆమ్లం చాలా తీక్షణమైనది. కుళ్ళిన మాంసంలోని అనేక రోగక్రిములు అందులో చచ్చిపోతాయి. ఒక గుంపు వాలితే పెద్ద గొడ్డు కళేబరం కొద్ది గంటల్లో ఎముకలపోగు అవుతుంది. రాబందు బతికిన ప్రాణిపై పడి చంపే పక్షి కాదు. దానికి జీతమూ లేదు.

1990లలో ఈ పక్షులు చెట్లమీద మెడలు వాల్చి, ఒకటొకటిగా రాలిపోసాగాయి. 1992 నుంచి 2007 వరకు జరిగిన లెక్కల్లో తెల్లనడుము రాబందులు వెయ్యింట ఒక్కటి మాత్రమే మిగిలినట్లు తేలింది. పొడవుముక్కు రాబందులలో నూటికి తొంభై ఆరుకు పైగా పోయాయి. మొదట ఏదో అంటువ్యాధి అనుకున్నారు. పురుగుమందులు అనుకున్నారు. చచ్చిన పక్షులను కోసి చూస్తే లోపలి అవయవాలపై సున్నం పూసినట్లు తెల్లని పొర కనిపించింది. మూత్రపిండాలు చెడి, యూరిక్ ఆమ్లం పేరుకుని చచ్చాయన్నమాట. కారణాన్ని పాకిస్తానులో పరిశోధించిన శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించారు. అది డైక్లోఫినాక్ అనే నొప్పిమందు.

ఆ మందు పశువుకు నొప్పి, వాపు, జ్వరం తగ్గిస్తుంది. చవక. అందుకే కుంటే గొడ్డుకు, పొదుగు వాచిన గేదెకు, లేవలేని ఎద్దుకు అందరూ వేయించారు. గొడ్డు బతికితే సరే. మందు వేసిన కొద్ది రోజులలోపల చచ్చిపోతే ఆ మందు మాంసంలో మిగిలి ఉంటుంది. దానిని తిన్న రాబందు కొద్ది రోజుల్లో చస్తుంది. ఒక కళేబరంపై పదులకొద్దీ పక్షులు వాలుతాయి గదా! కనుక దేశంలోని కళేబరాలలో నూటికి ఒకటి కన్నా తక్కువవాటిలో మందు ఉన్నా ఈ నాశనానికి సరిపోతుందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. పైగా రాబందు జంట సంవత్సరానికి ఒక్క గుడ్డే పెడుతుంది. పోయిన జనాభా త్వరగా పూడదు.

ఎవరూ కావాలని చేయలేదు. తన గేదె బాధ చూడలేక ఒక రైతు మందు వేయించాడు. అతని పని తప్పని ఎవరంటారు? కాని ఆహారజాలం ఉద్దేశాలను చూడదు. ఎక్కడ ఏం వేశామో, అది వల గుండా చివరి కొసదాకా పోతుంది.

కొలువు ఖాళీ అయింది. కళేబరాలు ఆగలేదు. ఆ పనికి ఎవరు వచ్చారు? ఊరకుక్కలు, ఎలుకలు వచ్చాయి. కుక్క పని రాబందు పనికి సాటిరాదు. కొంత తిని కొంత వదిలేస్తుంది. తిండి దొరికే కొద్దీ కుక్కల జనాభా పెరుగుతుంది. కుక్కలు పెరిగితే పిచ్చికుక్క కాటు ప్రమాదం పెరుగుతుంది. ఆ కాటు మనిషినీ వదలదు, కట్టేసిన గేదెనూ వదలదు. రాబందులు పోయిన జిల్లాలను, మొదటినుంచీ అంతగా లేని జిల్లాలతో పోల్చి 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక అంచనా ప్రచురించారు. 2000 నుంచి 2005 వరకు అయిదేళ్ళలో దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా మరణించి ఉంటారని వారి లెక్క. కుక్కకాటు జబ్బు, చెడిన నీరు అందుకు ముఖ్య కారణాలుగా చూపారు. అది అంచనాయే కావచ్చు. కాని చూడడానికి అసహ్యంగా ఉండే ఒక పక్షి ఎంత పని మోస్తూ ఉండేదో అది చెబుతోంది. ఇటువంటి ప్రాణిని శాస్త్రంలో కీలక జాతి అంటారు. ఇంటికి దూలం వంటిది. ఉన్నన్నాళ్ళూ ఎవరూ దానివంక చూడరు.

10. ఇప్పుడు ఏం చేయాలి?

పశువులకు డైక్లోఫినాక్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2006లో నిషేధించింది. మనుషుల మందును పెద్ద సీసాల్లో కొని గొడ్లకు వాడుతున్నారని, 2015లో సూదిమందు సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేసింది. రాబందులకు అంతే హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ మందులను 2023లో పశువులకు నిషేధించింది. నిమెసులైడ్ కూడా రాబందులకు ప్రమాదకరమని పరీక్షల్లో తేలింది. వీటికి బదులు మెలాక్సికామ్ ఉంది. అది గొడ్డుకు పనిచేస్తుంది, రాబందుకు హాని చేయదని పరీక్షించి చూశారు.

రాబందులు పూర్తిగా పోలేదు. తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట చరియల్లో 2013లో పొడవుముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయి. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోను, హర్యానాలోని పింజోరులోను వీటిని సాకి పిల్లలు చేయించే కేంద్రాలు ఉన్నాయి. కాని అక్కడ పెంచిన పక్షిని బయట వదలాలంటే, బయట ఉన్న కళేబరం విషం లేనిదై ఉండాలి. ఆ భరోసా ఇవ్వగలిగినది గేదె యజమాని ఒక్కడే.

కనుక సభ్యులు ఈ క్రింది విషయాలు పాటించ ప్రార్థన:

ఒకటి, గొడ్డుకు నొప్పిమందు వేయించేటప్పుడు అది ఏ మందని అడగండి. మెలాక్సికామ్ సరిపోతుందేమో డాక్టరుగారిని కనుక్కోండి. సీసా చూపమని అడగడం అమర్యాద కాదు.

రెండు, మనుషుల మందుల దుకాణం నుంచి తెచ్చిన నొప్పిమందును సొంతంగా గొడ్డుకు వేయకండి.

మూడు, ఏ మందు ఏ తేదీన వేశారో ఒక పుస్తకంలో రాసుకోండి. పాలు ఎన్నాళ్ళు పోయకూడదో తెలుసుకోవడానికి కూడా ఆ పుస్తకమే ఆధారం.

నాలుగు, మందు వేసిన కొద్ది రోజుల్లో గొడ్డు చచ్చిపోతే కళేబరాన్ని బయట పడవేయకండి. చెరువుకు, బావికి దూరంగా ఆరడుగుల లోతు గోతిలో సున్నం వేసి పాతిపెట్టండి.

అయిదు, హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచి, గుదం నుంచి గడ్డకట్టని నల్లని నెత్తురు కారితే దొమ్మ రోగమని అనుమానించండి. అటువంటి గొడ్డు తోలు ఒలవకూడదు, కోయకూడదు. వెంటనే పశువైద్యశాలకు కబురు చేయండి.

ఈ పాఠంలో నేర్చుకున్న మాటలు

ఆవాసం: ప్రాణి బతికే చోటు. కొలువు: ఆ చోటులో అది చేసే పని. జనాభా: ఒకచోట ఉన్న ఒకే జాతి ప్రాణులు. సముదాయం: అక్కడి అన్ని జాతులూ. ఆవరణ వ్యవస్థ: సముదాయమూ, దాని మట్టి, నీరు, గాలి, ఎండ కలిసి. ఉత్పత్తిదారులు, వినియోగదారులు, విచ్ఛిన్నకారులు: వండేవారు, తినేవారు, శుభ్రం చేసేవారు. ఆహారజాలం: ఆహార గొలుసుల వల. ధారణ శక్తి: చోటు చెడకుండా పోషించగల ప్రాణుల లెక్క. కీలక జాతి: తాను పోతే వ్యవస్థనే కుంగదీసే ప్రాణి.

సంఘ సమావేశంలో చర్చకు

1. మన ఊరి చెరువు అంచున ఏ నెలల్లో నత్తలు ఎక్కువగా కనిపిస్తాయి? ఆ నెలల్లో గొడ్లను ఎక్కడ మేపవచ్చు?

2. మన పచ్చిక బయలు ఎన్ని గొడ్లను మోయగలదు? ఇప్పుడు ఎన్ని మేస్తున్నాయి?

3. చచ్చిన గొడ్డును పాతిపెట్టడానికి ఊరికి ఒక చోటు ఉందా? లేకపోతే పంచాయతీని అడుగుతూ తీర్మానం చేద్దామా?

4. మన ఊళ్ళో రాబందును చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారు? పెద్దవారిని అడిగి సంఘం పుస్తకంలో రాయించండి. ఆ జవాబులు చెప్పగలవారు ఉండగానే ఈ పని చేయడం మంచిది.